ద్రావణంలో ప్రొటీన్ ఆకారం: సాక్స్ గీతను ఎంతవరకు నమ్మవచ్చు?

జంటమడత

నేను పనిచేస్తున్న ప్రొటీన్‌లో చక్కగా మడతపడిన భాగాలు రెండు ఉన్నాయి. వాటిని కలుపుతూ మధ్యలో 35 అమైనో ఆమ్లాల వదులైన లంకె ఉంది. మొత్తం పొడవు 380 అమైనో ఆమ్లాలు, అణుభారం 42 కిలోడాల్టన్లు. రెండేళ్లు ప్రయత్నించినా స్ఫటికం కట్టలేదు. అందుకని సింక్రోట్రాన్‌లో (బలమైన ఎక్స్‌రేలు ఇచ్చే యంత్రంలో) సమయం దొరకగానే చిన్న కోణాల ఎక్స్‌రే పరిక్షేపణం, అంటే మనం సాక్స్ అనుకునే పద్ధతిలో, ద్రావణంలోనే కొలిచాము. మిల్లీలీటరుకు 1, 3, 8 మిల్లీగ్రాముల చొప్పున మూడు గాఢతలు పెట్టాము. భ్రమణ వ్యాసార్ధం, అంటే అణువు ఎంత విస్తరించి ఉందో చెప్పే కొలత, వరుసగా 3.1, 3.4, 3.9 నానోమీటర్లు వచ్చింది. సున్నా కోణం దగ్గరి తీవ్రత నుంచి లెక్కగడితే అణుభారం 46, 55, 68 కిలోడాల్టన్లని తేలింది.

కోణంతో పాటు తీవ్రత ఎలా మారుతుందో చూపే గీతల్లో 8 మిల్లీగ్రాములదానికి గరుకుతనం తక్కువగా ఉండడంతో దాన్నుంచే ఒక ప్రోగ్రాముతో పూసల నమూనా, అంటే చిన్న పూసలను పేర్చి ఊహించిన అణువు ఆకారం, కట్టించాము. పొడవాటి శరీరం, ఒక కొసన తోక ఉన్న ఆకారం వచ్చింది. కై స్క్వేర్ విలువ 1.02. అయితే అదే ప్రోగ్రామును పదిసార్లు నడిపితే ఆ తోక ఒకసారి తిన్నగా, ఇంకోసారి కొడవలిలా వంగి వస్తోంది. పదింటినీ సగటు చేసి వ్యాసంలో మొదటి బొమ్మగా పెడదామని మా గైడ్ అంటున్నారు. నాకు మనసు ఒప్పడం లేదు. ఈ ఆకారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు? మళ్లీ మొదటి నుంచి చేయవలసి వస్తే ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్నకోణం

ఆకారాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మూడు ప్రశ్నలకు జవాబు చెబితే సగం విషయం తేలిపోతుంది. తీసివేతకు వాడిన బఫర్, అంటే ప్రొటీన్ లేని ద్రావణం, ఎక్కడిది? భ్రమణ వ్యాసార్ధం రాబట్టే గినియే సరళరేఖ గీసేటప్పుడు ఎడమ చివర ఎన్ని బిందువులను వదిలేశారు? ఒకే ప్రొటీన్ ద్రావణం మీద వరుసగా తీసిన ఫ్రేములు, అంటే విడి విడి కొలతలు, ఒకదానిమీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయా?

స్ఫటికప్రియ

నేను మరోలా ఆలోచిస్తాను. ద్రావణంలో కోట్లాది అణువులు అన్ని దిక్కులకూ తిరుగుతూ ఉంటాయి కాబట్టి, మనకు అందేది ఆ దిక్కులన్నిటి సగటు. మూడు కొలతల వస్తువు ఒకే కొలత గల గీతగా కుదించుకుపోయాక దాన్నుంచి తిరిగి ఆకారం రాబట్టడం అంటే నీడను చూసి మనిషి ముఖం గీయడమే. ఆ లంకె ఉన్నంత కాలం పూర్తి ప్రొటీన్ స్ఫటికం కట్టదు. రెండు భాగాలనూ విడివిడిగా తయారుచేసి స్ఫటికాల కోసం ప్రయత్నించడం మేలు.

పాతగీత

స్ఫటికప్రియ గారు చెప్పిన నీడ పోలికలో నిజం ఉంది, కానీ ఆ నీడలో ఏమేమి భద్రంగా మిగులుతాయో కూడా చెప్పుకోవాలి. అణువులోని ప్రతి జత పరమాణువుల మధ్య దూరమూ గీతకు తన వంతు చేరుస్తుంది. దిక్కులన్నీ సగటు అయిపోయినా దూరాలు చెరిగిపోవని 1915లో డిబై రాసిన సూత్రమే తెలియజేస్తుంది. 1930ల చివర గినియే, గీత మొదటి భాగం నుంచి అణువు మొత్తం పరిమాణాన్ని, అంటే భ్రమణ వ్యాసార్ధాన్ని, రాబట్టే దారి చూపాడు. తర్వాత క్రాట్కీ, పోరాడ్ వంటివారు గీతలోని మిగిలిన భాగాలు ఏం చెబుతాయో విడదీసి చూపారు. కాబట్టి దిక్కులు పోతాయి, దూరాలు మిగులుతాయి. ఒక ఆకారమూ దాని అద్దపు ప్రతిబింబమూ ఒకే గీతను ఇస్తాయన్న మాట మాత్రం వాస్తవం, దాన్ని ఏ ప్రోగ్రామూ తప్పించలేదు.

స్ఫటికమే అంతిమ సాక్ష్యమన్న అభిప్రాయానికి కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్ కథ మంచి జవాబు. దాని స్ఫటికంలో రెండు గుండ్రటి భాగాల మధ్య పొడవాటి తిన్నని హెలిక్స్ ఉండి, అణువంతా డంబెల్‌లా కనిపించింది. 1980లలో ద్రావణంలో ఎక్స్‌రే పరిక్షేపణంతో కొలిచి చూస్తే, రెండు భాగాలూ స్ఫటికంలో కన్నా సగటున దగ్గరగా ఉన్నాయని, మధ్య భాగం వంగగలదని తేలింది. స్ఫటికం అబద్ధం చెప్పలేదు. వరుసల్లో ఒదిగి నిలబడిన ఒక్క భంగిమను మాత్రమే చూపించింది. జంటమడత గారి ప్రొటీన్ కూడా ఆ కోవలోదే కాబట్టి వారు ద్రావణంలో కొలవడం సరైన నిర్ణయమే అని నా గట్టి అభిప్రాయం.

లెక్కతోడు

పదిసార్లకు పది తోకలు ఎందుకు వచ్చాయో లెక్కలోనే కనిపిస్తుంది. గీతలో వెయ్యికి పైగా బిందువులు ఉండవచ్చు, కానీ వాటిలో స్వతంత్రమైన సమాచారం చాలా తక్కువ. అణువు గరిష్ఠ పొడవును కొలిచిన క్యూ (కోణంతో పాటు పెరిగే కొలత) పరిధితో గుణించి π (పై) తో భాగిస్తే ఆ సంఖ్య వస్తుంది. పొడవు 11 నానోమీటర్లు, క్యూ పరిధి నానోమీటరుకు 0.1 నుంచి 3 వరకు అనుకుంటే మనకు దక్కేవి సుమారు 10 స్వతంత్ర విలువలు. పూసల నమూనాలో వందల, వేల పూసలు ఉంటాయి. పది సమాచారాలతో అన్ని పూసలను నిలబెట్టాలంటే, పూసలు చెదరకుండా ఒకదానికొకటి అంటుకుని ఉండాలి వంటి షరతులను ప్రోగ్రామే పైనుంచి చేర్చుకోవాలి.

కై స్క్వేర్ 1 దగ్గర ఉందంటే నమూనాకూ గీతకూ మధ్య తేడా కొలతలోని దోషాలను మించలేదని మాత్రమే అర్థం. గీతే తప్పయితే తప్పు గీతకు చక్కగా సరిపోయిన ఆకారం వస్తుంది.

జంటమడత

చిన్నకోణం గారి ప్రశ్నలకు జవాబులు ఇవి. బఫర్‌ను అదే కొలతలతో మరుసటి రోజు విడిగా తయారుచేశాము. ప్రొటీన్ నిల్వలో 5 శాతం గ్లిసరాల్ ఉంది, గాఢత పెంచేటప్పుడు దాన్ని తొలగించడం పూర్తయిందో లేదో విడిగా పరీక్షించలేదు. గినియే రేఖకు ప్రోగ్రాము తనంతట తానే బిందువులను ఎంచుకుంది. ఇప్పుడు తెరిచి చూస్తే 8 మిల్లీగ్రాముల గీతలో మొదటి 7 బిందువులను వదిలేసింది. ఆ ఏడూ రేఖకు పైనే ఉన్నాయి. అంతేకాక, సున్నా కోణం వైపు వెళ్లేకొద్దీ ఒక్కొక్కటీ ఇంకాస్త పైకి లేస్తోంది. ఫ్రేములను విడివిడిగా చూడలేదు, సగటు గీతనే తెచ్చుకున్నాము.

మడత ఎంత గట్టిగా ఉందో చూపే క్రాట్కీ గ్రాఫులో గీత ఒక గుట్టలా లేచి, కిందికి దిగకుండా కుడివైపు మళ్లీ పైకి పోతోంది. లంకె వదులుగా ఉండడం వల్లే అలా వస్తోందని అనుకున్నాము.

బఫర్‌నిఘా

ఇక్కడే ఆగండి. ఆ కుడివైపు ఎగుదల లంకె వల్ల కావచ్చు, బఫర్ వల్లా కావచ్చు. ఈ దశలో ఏదన్నది చెప్పే దారి లేదు.

మనం కొలిచేది ప్రొటీన్ ఉన్న ద్రావణం నుంచి వచ్చే కిరణాలను. అందులో నీళ్లవి, లవణాలవి, కేశనాళిక (ద్రావణం నింపే సన్నని గొట్టం) గోడవి అన్నీ కలిసే ఉంటాయి. వాటన్నిటినీ తీసివేయగా మిగిలే సన్నని తేడాయే ప్రొటీన్ గీత. పెద్ద కోణాల దగ్గరకు వెళ్లేసరికి ఆ తేడా మొత్తం తీవ్రతలో చాలా చిన్న వంతుకు పడిపోతుంది. అక్కడ బఫర్‌లో కొద్దిపాటి తేడా ఉన్నా, తీసివేశాక ఒక చదునైన మిగులు ఉండిపోతుంది, లేదా విలువలు సున్నా కిందికి జారిపోతాయి. క్రాట్కీ గ్రాఫులో తీవ్రతను క్యూ వర్గంతో గుణిస్తాము కదా, ఆ చదునైన మిగులు కాస్తా పైకెగసే వంపుగా మారుతుంది. చూసేవారికి అది అచ్చంగా మడత లేని ప్రొటీన్‌లా కనిపిస్తుంది.

ఒకే కొలతలతో చేసిన రెండు బఫర్లు ఒకటి కావు. పీహెచ్ సరిచేయడానికి వేసిన చుక్కలు వేరు, తూకంలో తేడాలు వేరు, మీ విషయంలో పైగా గ్లిసరాల్ ఒకటి ఉంది. గాఢత పెంచే గొట్టాల వడపొరకు తయారీదారులు గ్లిసరాలే పూసి పంపుతారని, వాడేముందు కడగాలని చాలామందికి గుర్తుండదు. ప్రొటీన్‌ను రాత్రంతా డయాలిసిస్‌లో ఉంచి, ఆ గిన్నెలో మిగిలిన ద్రావణాన్నే బఫర్‌గా పట్టుకెళ్లండి. అణువులను పరిమాణాన్ని బట్టి విడదీసే కాలమ్ గుండా పంపుతున్నట్లయితే ప్రొటీన్‌కు ముందు అదే కాలమ్ నుంచి దిగిన ద్రావణాన్ని వాడండి.

చిన్నకోణం

ఏడు బిందువులు పైకి లేచాయంటే ముద్దలు, అంటే ఒకదానికొకటి అంటుకున్న అణువుల గుంపులు, ఉన్నాయనే అర్థం. వాటిని వదిలేసినంత మాత్రాన ముద్దలు పోవు, వాటి ప్రభావం తర్వాతి బిందువుల్లోనూ కలిసే ఉంటుంది. ఒకే బరువు పదార్థమైనా కణం పెద్దదైన కొద్దీ సున్నా కోణం దగ్గర ఎక్కువ మెరుస్తుంది. మీ ప్రొటీన్‌లో బరువు ప్రకారం ఒక్క శాతం, 50 అణువుల ముద్దలుగా ఉందనుకోండి. అక్కడ తీవ్రత 1 ఉండవలసింది 1.49 అవుతుంది. నూటికి ఒక వంతు పదార్థం మూడింట ఒక వంతు కాంతిని తన పేరు మీద రాయించుకుంటుంది.

గినియే రేఖ చెల్లుబాటు కావాలంటే క్యూ, భ్రమణ వ్యాసార్ధాల లబ్ధం 1.3 దాటకూడదు. వ్యాసార్ధం 3.9 అయితే మీకున్న హద్దు నానోమీటరుకు 0.33 మాత్రమే. అంత ఇరుకైన చోట ఏడు బిందువులు పోగొట్టుకోవడం చిన్న విషయం కాదు. రేఖ కింద మిగుళ్ల గ్రాఫును ఎప్పుడూ తెరిచి పెట్టుకోండి. అవి సున్నాకు అటూ ఇటూ చెదిరి ఉండాలి, గిన్నెలా వంగి ఉండకూడదు.

లెక్కతోడు

అవి యాదృచ్ఛికమైన ముద్దలా, లేక క్రమబద్ధమైన జంటలా అన్నది కూడా మీ అంకెల నుంచే తేల్చవచ్చు. ఏక అణువు 42, జంట 84 కిలోడాల్టన్లు. కనిపించిన సగటు భారం 46, 55, 68 కావాలంటే బరువు ప్రకారం జంటలు సుమారు 10, 31, 62 శాతం ఉండాలి. వీటి నుంచి, జంట ఎంత సులువుగా విడిపోతుందో చెప్పే వియోజన స్థిరాంకం గణిస్తే మొదటి గాఢత దగ్గర దాదాపు 400, రెండో దాని దగ్గర 220, మూడో దాని దగ్గర 90 మైక్రోమోలార్ వస్తోంది. నిజంగా ఏక అణువుకూ జంటకూ మధ్య సమతాస్థితి మాత్రమే ఉంటే మూడు చోట్లా ఒకే స్థిరాంకం రావాలి. గాఢతతో పాటు ఇంతగా పడిపోతోందంటే జంటలను మించిన ముద్దలు కూడా ఉన్నాయని నేను భావిస్తున్నాను.

విడిపోగు

బఫర్‌నిఘా గారి మాటను పూర్తిగా ఒప్పుకోలేను. వంపంతా బఫర్ మీదికే నెట్టేయకూడదు. 380 అమైనో ఆమ్లాలు ఒకే గుండుగా మడతపడితే భ్రమణ వ్యాసార్ధం సుమారు 2.1 నానోమీటర్లు ఉండాలి. పూర్తిగా విప్పుకున్న గొలుసైతే 6.7 దాకా పోతుంది. వీరికి అతి పలుచని ద్రావణంలోనే 3.1 వచ్చింది. కొద్దిపాటి ముద్దలు ఉన్నాయని తగ్గించి చూసినా అది ఒకే గుండుగా మడిచిన ప్రొటీన్ కొలత కాదు. రెండు గుండ్లు లంకె పొడవునా ఎడంగా కదులుతున్నాయన్నదే సహజమైన వివరణ. గినియే భాగానికి పెద్ద కోణాల బఫర్ లోపంతో సంబంధం లేదు కదా.

బఫర్‌నిఘా

భ్రమణ వ్యాసార్ధం గురించి మీరు చెప్పింది నిజమే, దాన్ని నేను కాదనలేదు. నా అభ్యంతరమంతా క్రాట్కీ వంపును సాక్ష్యంగా చూపడం మీదే. ఒక విషయం నిజమైనంత మాత్రాన దానికి తప్పుడు సాక్ష్యం చెల్లదు.

విడిపోగు

అలాగైతే మనం ఒకే మాట మీద ఉన్నాము. బఫర్ సరిచేశాక ప్రమాణరహిత క్రాట్కీ గ్రాఫు గీయమని నా సలహా. నిలువు అక్షాన్ని సున్నా కోణం దగ్గరి తీవ్రతతో, అడ్డం అక్షాన్ని భ్రమణ వ్యాసార్ధంతో సరిచేస్తారు. గట్టి గుండ్రని ప్రొటీన్ ఏ పరిమాణంలో ఉన్నా శిఖరం 1.73 దగ్గర, ఎత్తు 1.1 దగ్గర వస్తుంది. అక్కడి నుంచి కుడికీ పైకీ ఎంత జరిగితే అణువు అంతగా సాగినట్లు, లేదా అంత వదులుగా ఉన్నట్లు.

కిరణశాల

కిరణం దగ్గర రోజూ పనిచేసే వ్యక్తిగా కొన్ని విషయాలు చెబుతాను. ఫ్రేములు చూడకుండా సగటు గీతను మాత్రమే ఇంటికి తీసుకెళ్లడం నేను చాలా తరచుగా చూసే పొరపాటు, నాకు నిజంగా బాధ కలిగించేది కూడా. సింక్రోట్రాన్ కిరణం నీటిని చీల్చి హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను పుట్టిస్తుంది. అవి ప్రొటీన్ మీద దాడిచేసి అణువులను ఒకదానికొకటి అతికిస్తాయి. మొదటి ఫ్రేములో బాగున్న నమూనా పదో ఫ్రేముకు వచ్చేసరికి ఎడమ చివర నెమ్మదిగా లేస్తుంది. తెర మీద పది గీతలనూ ఒకేచోట పరిస్తే విసనకర్ర విచ్చుకున్నట్లు కనిపిస్తుంది. అందుకే నమూనాను కదలకుండా ఉంచక కేశనాళికలో ప్రవహింపజేస్తాము, ఆ రాడికల్స్‌ను పట్టేసే డీటీటీ గానీ కొద్దిగా గ్లిసరాల్ గానీ కలపమంటాము. కలిపితే బఫర్‌లోనూ అంతే కలపాలన్నది బఫర్‌నిఘా గారు చెప్పనే చెప్పారు.

రెండో సంగతి ఆ సన్నని గాజు గొట్టంది. అందులో నమూనా నిలువునా పాకుతూ వస్తుంటే కెమెరాలో చూస్తూ ఉంటాము. పైఅంచు నునుపుగా, చంద్రవంకలా ఉండాలి. ఒక్కోసారి మధ్యలో ఆవగింజ కన్నా చిన్న బుడగ ఒకటి గోడకు అంటుకుని ఉండిపోతుంది. కిరణం దాని అంచును తాకిందంటే చిన్న కోణాల్లో తీవ్రత అమాంతం పెరిగి, ముద్దలున్న ప్రొటీన్ ముఖమే పెడుతుంది. గాఢమైన ప్రొటీన్ వెళ్లిన తర్వాత కడగడం చాలకపోతే గోడకు పలుచని పొర మిగిలిపోయి, తర్వాత కొలిచే బఫర్‌ను పాడుచేస్తుంది. అందుకే నమూనాకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి బఫర్ కొలిచి రెండూ కలుస్తున్నాయో లేదో చూడాలి. మీ ఫైళ్లలో రెండు బఫర్ కొలతలూ ఉండి తీరాలి, వెతకండి.

ఆర్‌ఎన్‌ఏదారి

ఎవరూ అడగలేదు కాబట్టి అడుగుతున్నాను. 260, 280 నానోమీటర్ల శోషణ నిష్పత్తి చూశారా? ఎక్స్‌రేలకు కనిపించేది చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే ఎలక్ట్రాన్ సాంద్రతలో ఉన్న తేడా. ఘన ఆంగ్‌స్ట్రామ్‌కు నీటిలో 0.33, ప్రొటీన్‌లో 0.44 దరిదాపు, కేంద్రకామ్లాల్లో 0.55 దరిదాపు ఎలక్ట్రాన్లు ఉంటాయి. తీవ్రత ఆ తేడా వర్గాన్ని బట్టి మారుతుంది కాబట్టి అదే ఘనపరిమాణం గల ఆర్‌ఎన్‌ఏ తునక ప్రొటీన్ కన్నా సుమారు నాలుగు రెట్లు మెరుస్తుంది. శుద్ధిలో వెంట వచ్చిన కాసింత ఆర్‌ఎన్‌ఏ మీ అణుభారాన్ని ఇట్టే పెంచేస్తుంది. నాకు ఒక సంవత్సరం ఇలాగే వృథా అయింది, జంటలు కడుతోందని వాదిస్తూ తిరిగిన ప్రొటీన్ నిజానికి ఆర్‌ఎన్‌ఏ ముక్కలను పట్టుకుని కూర్చుంది.

జంటమడత

నిష్పత్తి 0.58 ఉంది, కనుక ఆర్‌ఎన్‌ఏ లేదనుకుంటున్నాను. రెండు బఫర్ కొలతలూ ఫైళ్లలో దొరికాయి. 8 మిల్లీగ్రాముల నమూనా తర్వాతి బఫర్ మొదటి దాని కన్నా ఎడమ చివర స్పష్టంగా పైన ఉంది. ఆ నమూనా ఫ్రేములు కిరణశాల గారు వర్ణించినట్లే విచ్చుకున్నాయి. మేము అన్నిటికన్నా శుభ్రమైనదని ఎంచుకున్న గీతే అన్నిటికన్నా చెడిపోయినదని ఇప్పుడు అర్థమైంది. మళ్లీ కొలవడానికి గైడ్ ఒప్పుకున్నారు. వచ్చే విడతలో ఒక భాగం కాలమ్ నుంచి నేరుగా కిరణంలోకి పంపుదామనుకుంటున్నాము.

చిన్నకోణం

రెండూ చేయండి. కాలమ్ ముద్దలను విడదీస్తుంది కానీ నమూనాను పలుచన చేస్తుంది కాబట్టి బలహీనమైన జంటలు విడిపోతాయి. గాఢతల వరుస ఆ జంటలను చూపిస్తుంది. కొలవడానికి ముందు ప్రతి నమూనానూ సెంట్రిఫ్యూజ్‌లో వేగంగా తిప్పి పైభాగం మాత్రమే తీసుకోండి. గాఢతను కూడా ఆ తర్వాతే మళ్లీ కొలవాలి. గాఢతలో 10 శాతం తప్పు ఉంటే సున్నా కోణం దగ్గరి తీవ్రత నుంచి వచ్చే అణుభారంలోనూ అంతే తప్పు ఉంటుంది. గాఢతతో పనిలేని పోరాడ్ ఘనపరిమాణం (గీత నుంచే లెక్కించే అణువు ఘనపరిమాణం) నుంచి కూడా భారాన్ని లెక్కించి, రెండూ కలుస్తున్నాయో లేదో చూడండి.

స్ఫటికప్రియ

కాల్మోడ్యులిన్ విషయం చదివాక నా మొదటి మాటను కొంత సవరించుకుంటున్నాను. అయినా ఒక సందేహం ఉంది. ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ వంటి, ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ప్రోగ్రాములు పూర్తి నమూనాను ఇస్తున్నాయి. దాన్నుంచి గీతను లెక్కించి కొలిచిన గీతతో పోలిస్తే సరిపోదా? పూసల అవసరం ఏముంది?

నీటిపొర

పోల్చవచ్చు, పోల్చాలి కూడా. అయితే రెండు జాగ్రత్తలు ఉన్నాయి. ప్రొటీన్‌ను అంటిపెట్టుకుని ఉండే నీటి పొర దూరంగా ఉన్న నీటి కన్నా కాస్త చిక్కగా, సుమారు 10 శాతం ఎక్కువ సాంద్రతతో, ఉంటుంది. ఎక్స్‌రేలకు అది ప్రొటీన్‌లో భాగంలాగే కనిపించి అణువును కొంచెం పెద్దది చేస్తుంది. 1995లో వచ్చిన క్రైసాల్ వంటి ప్రోగ్రాములు ఆ పొరను లెక్కలోకి తీసుకుంటాయి. పరమాణువుల నుంచి మాత్రమే గణించిన భ్రమణ వ్యాసార్ధాన్ని నేరుగా పోల్చితే తేడా వచ్చి కంగారు పడవలసి వస్తుంది.

రెండోది మరీ ముఖ్యం. ఊహించిన నమూనాలో ఒక్కో భాగం మడత నమ్మదగినదిగా ఉన్నా, రెండు భాగాలూ ఒకదానికొకటి ఎక్కడున్నాయన్నది ఆ ప్రోగ్రామే నమ్మకం లేదని సూచిస్తూ ఉంటుంది. లంకె తెర మీద గీసిన తీరు ఒక భంగిమ మాత్రమే, దాన్ని జవాబుగా తీసుకోకూడదు.

జంటమడత

ఐదు వారాల తర్వాత ఫలితాలతో వచ్చాను. ఈసారి డయాలిసిస్ గిన్నెలోని ద్రావణాన్నే బఫర్‌గా వాడాము, ప్రతి నమూనానూ తిప్పాక గాఢత కొలిచాము, రెండు బఫర్లూ కలిసిన కొలతలనే ఉంచుకున్నాము. అవే మూడు గాఢతల దగ్గర అణుభారం 44, 47, 53 కిలోడాల్టన్లు వచ్చింది. గినియే రేఖకు మొదటి బిందువు నుంచీ అన్నీ ఒదిగాయి. మిగుళ్లలో వంపు లేదు.

కాలమ్ నుంచి దిగిన ప్రొటీన్‌కు ముందు ఒక చిన్న గుట్ట వచ్చింది, అందులో భ్రమణ వ్యాసార్ధం 5 నానోమీటర్లు దాటింది. పోయినసారి మమ్మల్ని ఏడిపించిన ముద్దలు అవేనని అనుకుంటున్నాను. ప్రధాన శిఖరం పొడవునా వ్యాసార్ధం 2.9 దగ్గర నిలకడగా ఉంది, అణుభారం 43. క్రాట్కీ గ్రాఫులో శిఖరం 2.1 దగ్గర, ఎత్తు 1.3. ఆ తర్వాత గీత నెమ్మదిగా కిందికే దిగింది, పైకి లేవలేదు. గీత నుంచి గణించిన, అణువు లోపలి దూరాల పంపిణీలో 2.1 నానోమీటర్ల దగ్గర ఒక శిఖరం, 5 దగ్గర ఒక భుజం ఉన్నాయి. గరిష్ఠ పొడవు 10 నానోమీటర్లు.

లెక్కతోడు

కొత్త అంకెలతో స్థిరాంకాన్ని మళ్లీ గణించాను. మూడు గాఢతల దగ్గరా 0.8 నుంచి 0.9 మిల్లీమోలార్ మధ్యే వస్తోంది. అంటే ఈసారి కనిపిస్తున్నది చాలా బలహీనమైన నిజమైన జంట, ముద్దలు కావు. కాలమ్‌లో పలుచబడినప్పుడు అది దాదాపు పూర్తిగా విడిపోవడం కూడా దీనికి సరిపోతుంది.

ఇంకొక లెక్క చూడండి, నాకు ఎంతో సంతోషం కలిగించింది. ఒక్కో భాగంలో సుమారు 170 అమైనో ఆమ్లాలు ఉన్నాయి కాబట్టి దాని సొంత భ్రమణ వ్యాసార్ధం 1.55 దరిదాపు ఉండాలి. మొత్తం వ్యాసార్ధం వర్గంలోంచి దాని వర్గాన్ని తీసివేస్తే, మిగిలేది రెండు భాగాల కేంద్రాల మధ్య దూరం వర్గంలో నాలుగో వంతు. 8.4 లోంచి 2.4 పోగా 6. అంటే దూరం 4.9 నానోమీటర్లు. మీ దూరాల పంపిణీలో భుజం 5 దగ్గరే వచ్చింది. 2.1 దగ్గరి శిఖరం ఒక్కో భాగం లోపలి దూరాలది. గీతలోని రెండు వేర్వేరు చోట్ల నుంచి ఒకే మాట వినిపిస్తోంది.

బఫర్‌నిఘా

క్రాట్కీ వంపు దిగింది కదా. విడిపోగు గారు చెప్పిన వదులుతనమూ నిలబడింది. శిఖరం 1.73 నుంచి 2.1కి జరగడమే ఇప్పుడు సరైన సాక్ష్యం.

విడిపోగు

ఇక పూసల నమూనాను వదిలిపెట్టి సమూహ పద్ధతికి వెళ్లండి. రెండు భాగాలనూ గట్టి ముక్కలుగా ఉంచి, లంకెను వేలాది రకాలుగా వంచి నమూనాలు పుట్టిస్తారు. వాటిలో ఏ కొన్ని కలిస్తే కొలిచిన గీత వస్తుందో ప్రోగ్రాము ఎంచుతుంది. చూడవలసింది ఎంపికైన నమూనాల ముఖాలను కాదు, వాటి వ్యాసార్ధాల పంపిణీ మొదటి గుంపు పంపిణీ కన్నా ఇరుకుగా ఉందా, ఏ పక్కకు ఒరిగింది అన్నది.

జంటమడత

నిన్న చేసి చూశాను. ఊహించిన ఒకే నమూనాతో పోల్చితే కై స్క్వేర్ 5.8. సమూహంతో 1.1. పంపిణీ మొదటి గుంపు కన్నా కొద్దిగా ఇరుకుగా, చిన్న వ్యాసార్ధాల వైపు ఒరిగి ఉంది. భాగాల మధ్య అప్పుడప్పుడు బలహీనమైన స్పర్శ ఉందేమోనని అనిపిస్తోంది. పూసల బొమ్మను అనుబంధంలోనైనా ఉంచాలని గైడ్ అంటున్నారు.

పాతగీత

నా అభిప్రాయంలో అనుబంధంలో ఉంచడం తప్పు కాదు. పొడవు, సాగినతనం ఎంతో ఒక్క చూపులో తెలుస్తాయి. సగటు నమూనా అని స్పష్టంగా రాసి, పది పరుగుల మధ్య తేడాను పక్కనే చూపించండి.

విడిపోగు

ఇక్కడ పాతగీత గారితో విభేదిస్తాను. కదిలే అణువుకు ఒకే ఆకారం గీస్తే, అది ఏ క్షణంలోనూ ఏ అణువుకూ లేని ఆకారం అవుతుంది. అనుబంధంలో పెట్టినా చదివేవారు దాన్నే గుర్తుంచుకుంటారు, దాన్నే తమ ఉపన్యాసాల్లో చూపుతారు. రెండు తలల ఆకారం కోసం దూరాల పంపిణీ గ్రాఫే చాలు.

చిన్నకోణం

బొమ్మ ఉన్నా లేకున్నా గీతను మాత్రం ఎస్‌ఏఎస్‌బీడీబీ అనే సాక్స్ గీతల ఉమ్మడి భాండాగారంలో జమచేయండి. కాలమ్ గీతతో పాటు మూడు గాఢతల గీతలనూ, తీసివేతకు వాడిన ఫ్రేములు ఏవన్న వివరాన్నీ చేర్చండి. రేపు ఎవరైనా మీ లంకెను వేరే పద్ధతిలో పరీక్షించదలిస్తే వారికి కావలసింది అదే.

జంటమడత

జమచేయడానికి ఫైళ్లు సిద్ధం చేస్తున్నాను. ఒక సందేహం మిగిలింది. ప్రధాన శిఖరంలో ఏ ఫ్రేములు కలిపి సగటు తీయాలి? శిఖరం నడినెత్తిన 12 ఫ్రేములు తీసుకున్నాను.

కిరణశాల

కుడి వాలు నుంచి తీసుకోండి. ఎడమ వాలులో ముందు దిగిన ముద్దల కొస కలిసి ఉండవచ్చు. వ్యాసార్ధం చదునుగా ఉన్న చోటునే ఎంచుకుని, నడినెత్తి ఫ్రేములతో విడిగా పోల్చి చూడండి, రెండూ కలిస్తే అన్నిటినీ సగటు చేయవచ్చు. శిఖరం దిగిపోయాక బఫర్ గీత ముందటి స్థాయికే వచ్చిందో లేదో కూడా చూసుకోండి. కాకపోతే కేశనాళిక గోడకు ఏదో అంటుకుని ఉందని అర్థం, అప్పుడు తీసివేతకు శిఖరానికి ముందున్న ఫ్రేములు ఒక్కటే చాలవు.

జంటమడత

రెండు వాలుల గీతలనూ ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. ఎడమ వాలులో మొదటి మూడు బిందువులు నిజంగానే కాస్త పైన ఉన్నాయి. నడినెత్తి నుంచి కుడివైపు 15 ఫ్రేములు తీసుకుంటే వ్యాసార్ధం 2.88 వద్ద స్థిరపడింది. బఫర్ కూడా ముందటి స్థాయికే వచ్చింది. ఆ 15 ఫ్రేములతోనే జమచేస్తున్నాను.